డిక్కీలో పాతబియ్యం

పొద్దున్న ఏడున్నరకి నర్సమ్మ కారులో కూర్చుని బ్రేకు నొక్కింది. వెనకాల మొగుడు నిలబడి చూస్తున్నాడు.

"వెలిగాయా?" అని కిటికీలోంచి తల బయటపెట్టి అడిగింది.

"ఇంకోసారి నొక్కు."

నొక్కింది.

"గట్టిగా నొక్కు."

"ఇంతకన్నా గట్టిగా నొక్కితే కాలు రోడ్డు మీదకొస్తుంది. వెలిగాయా లేదా అది చెప్పండి ముందు!"

"ఎడమది వెలుగుతోంది. కుడిది వెలగట్లేదు. పైన అద్దం దగ్గరుండేది కూడా..." అని ఆగిపోయాడు.

నర్సమ్మ గడియారం చూసుకుంది. సరిగ్గా నాలుగు గంటల పది నిమిషాల్లో ఆమెకి డ్రైవింగ్ పరీక్ష.

నర్సమ్మ అన్నది అసలు పేరు కాదు. నిజంగానే నర్సు కాబట్టి పెళ్ళైన కొత్తలో అత్తగారు ముద్దుగా అలా పిలిచారు, అదే స్థిరపడిపోయింది. ఈ పరాయి దేశం వచ్చిన నాలుగేళ్ళ నుంచీ ఆసుపత్రి వార్డులో రాత్రి డ్యూటీలు చేసీ చేసీ విసిగిపోయి, ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసే నర్సు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. పగటి పని. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు, మనుషుల్లా పడుకోవచ్చు. ఆ ఉద్యోగం వచ్చింది. వచ్చిన ఉత్తరంలో ఒక్కటే షరతు: సోమవారం చేరే వేళకి చేతిలో లైసెన్సు ఉండాలి. ఈరోజు శుక్రవారం. ఈ పరీక్ష తప్పితే మళ్ళీ తారీఖు దొరికేది మూడు నెలల తరవాతే. అప్పటికి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు.

ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి కూడలిలో అందరికీ దారిచ్చింది. కార్లకిచ్చింది, సైకిళ్ళకిచ్చింది, ఎదుటి ఫుట్‌పాత్ మీద బూటు తాడు కట్టుకుంటున్న మనిషికి కూడా ఇచ్చింది. పక్కన కూర్చున్న అధికారి ఆవలించి, చాలమ్మా వెనక్కి పోదాం అన్నాడు. రెండోసారి బ్రహ్మాండంగా నడిపేదే, కానీ బయల్దేరే ముందు కారు గురించి ఒక ప్రశ్న అడుగుతారు. ఇంజను ఆయిలు ఎక్కడ చూస్తారో చూపించమంటే, అద్దాలు కడిగే నీళ్ళ డబ్బా చూపించింది. ఆ కంగారుతో కారు కదలగానే గోడకి ముద్దుపెట్టింది. రోగి ఒంట్లో ఏ నరం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పే మనిషి, కారు బానెట్టు లేస్తే చాలు, జాతరలో తప్పిపోయిన పిల్లలా చూస్తుంది.

ఇక్కడ పరీక్షకి ఎవరి కారు వాళ్ళే తీసుకెళ్ళాలి. అధికారి ముందు కారు చుట్టూ తిరిగి లైట్లు చూస్తారు. ఒక్క లైటు వెలక్కపోయినా అంతే సంగతులు, కారులో కాలైనా పెట్టకుండా ఇంటికి పంపిస్తారు.

"బల్బు పోయుంటుంది. వంద శాతం బల్బే" అన్నాడు మొగుడు.

ఇతనికి అన్నీ వంద శాతమే. ఏ విషయమైనా ఫోనులో ఒక్క వీడియో చూసి పండితుడైపోతాడు. అందుకే కన్నతల్లే అతనికి సర్వజ్ఞుడని పేరు పెట్టింది. ఆవిడ వెక్కిరింపుగా పెట్టింది గానీ, అతను మాత్రం బిరుదులాగే అందుకున్నాడు.

సర్వజ్ఞుడు పరుగున వెళ్ళి సందు చివర పెట్రోలు బంకులో రెండు బల్బులు కొనుక్కొచ్చాడు. మార్చాడు. నర్సమ్మ నొక్కింది. కుడి పక్క చీకటే.

"అయితే ఫ్యూజు. వంద శాతం."

అప్పటిదాకా వెనక సీట్లో చలికోటు గుండీలన్నీ పెట్టుకుని మౌనంగా కూర్చున్న అత్తగారు నోరు విప్పారు. మూడు నెలల కిందట కొడుకు దగ్గర ఉండి వెళ్దామని వచ్చారు ఆవిడ.

"ఫ్యూజు పోతే ఎడమదీ పోవాలి కదరా. అది వెలుగుతోందిగా. దారిలో ఎక్కడో తీగ తెగింది."

"అమ్మా, ఇది నీ బోరు మోటారు కాదు. కారు. లోపలంతా కంప్యూటరు. నువ్వూరుకో."

ఆవిడ ఊరుకున్నారు. నర్సమ్మ ఊరుకోలేదు. "మీ ఫ్యూజులు తరవాత వెతుక్కోండి. ఎక్కండి, మెకానిక్ షెడ్డుకి పోదాం" అని తనే ఇంజను స్టార్టు చేసింది. లైసెన్సున్న మొగుడు పక్కన కూర్చుంటే ఆమె నడపొచ్చు. సందు మలుపు తిరగ్గానే వెనక నుంచి సర్రుమని ఒక చప్పుడు వినిపించింది. పది రోజులుగా వినిపిస్తున్న చప్పుడే అది. కుడికి తిప్పితే ఎడమకి సర్రున జారుతుంది, ఎడమకి తిప్పితే కుడికి. సర్వజ్ఞుడు దానికి సస్పెన్షన్ అని పేరు పెట్టి వదిలేశాడు. అత్తగారు మాత్రం ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెడతారు.

షెడ్డు అప్పుడే తెరిచారు. లోపల ఒక వ్యాను గాలిలో వేలాడుతోంది. సిమెంటు నేల మీద నూనె మరకలు, గోడకి వరసగా స్పానర్లు, ఒక మూల అద్దాల తలుపున్న చిన్న ఆఫీసు గది. మెకానిక్ ఆరడుగుల మనిషి. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, కప్పులో ఏదో తాగుతూ వచ్చాడు.

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"లేదు" అంది నర్సమ్మ, వాళ్ళ భాషలో.

"వచ్చే వారం తరవాతి వారం ఖాళీ ఉంది."

"వచ్చే వారం తరవాతి వారానికి నాకు ఉద్యోగం ఉండదు!" అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. రాత్రి డ్యూటీలు, సోమవారం, పదకొండు నలభై, కూడలి, బూటు తాడు, నీళ్ళ డబ్బా, గోడ, ఏదీ దాచలేదు. మెకానిక్ కప్పు కింద పెట్టాడు. గోడ గడియారం వంక చూశాడు.

"మా అమ్మాయి నాలుగుసార్లు తప్పింది" అన్నాడు. "డిక్కీ తెరవండి."

డిక్కీలో అడ్డంగా పాతిక కిలోల బియ్యం బస్తా పడుకుని ఉంది. మన బియ్యం దొరికే కొట్టు ఇక్కడికి గంటన్నర దూరం, వెళ్ళినప్పుడే బస్తా తెచ్చుకుంటారు. మూడు వారాల కింద తెచ్చిన రోజున లిఫ్టు చెడిపోయి ఉంది, వీళ్ళది నాలుగో అంతస్తు. "లిఫ్టు బాగుచేశాక పైకి చేరేద్దాం" అన్నాడు సర్వజ్ఞుడు. లిఫ్టు మర్నాడే బాగైంది. బస్తా సంగతి ఇంట్లో ఉన్న బియ్యం అయిపోయేదాకా ఎవరికి గుర్తుంటుంది?

మెకానిక్ బస్తా పక్కకి లాగి, కుడి లైటు వెనకున్న నల్లటి అట్టని ఊడదీశాడు. అట్ట వెనక నుంచి బియ్యం జలజలా కారాయి. దోసెడు కాదు, తవ్వెడు. వాటితోపాటు ముక్కలు ముక్కలుగా కొరికిన కాగితం రుమాళ్ళు, నల్లటి పెంటికలు. వాటి మధ్యలోంచి నాలుగు చోట్ల తెగిన వైర్లు బయటికి తొంగిచూశాయి.

స్టెప్నీ కింద గుంటలో ఇంకో రెండు గుప్పెళ్ళ బియ్యం ఉన్నాయి. మెకానిక్ కారుని భుజంతో ఒక్క ఊపు ఊపాడు. సర్రుమంది.

"మీ సస్పెన్షన్!" అంది నర్సమ్మ మొగుడి వైపు తిరిగి.

"ఎలక" అన్నాడు మెకానిక్, ఒక గింజని వేళ్ళతో తిప్పి చూస్తూ. "కొన్నాళ్ళు హాయిగా కాపురం చేసింది. తిండి దొరికింది, పళ్ళు నూరుకోడానికి వైర్లు దొరికాయి."

సర్వజ్ఞుడు బస్తా చుట్టూ తడిమి చూశాడు. "కుట్టు ఊడలేదే. ఎలక కొరికిన గుర్తూ లేదు. ఇదిగో, ఇక్కడ చిల్లు! ఎవరో పొడిచినట్టు గుండ్రంగా ఉంది. కొట్టువాడు మోసం చేశాడు, వంద శాతం."

"కొట్టువాణ్ణి అనకు" అన్నారు అత్తగారు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కోటు గుండీ తిప్పుకుంటూ, బస్తాకేసి చూస్తూ చెప్పారు.

"నేనే పొడిచాను. కొట్టు దగ్గర నువ్వు డబ్బు కట్టడానికి లోపలికెళ్ళినప్పుడు. పాతవో కొత్తవో చూడకుండా బస్తా ఎలా తెచ్చుకుంటాం? కొత్తవైతే అన్నం ముద్దైపోదూ? తలపిన్ను తీసి మూలన గుచ్చి, నాలుగు గింజలు రాబట్టి కొరికి చూశాను. చిల్లు మళ్ళీ వేలితో సర్దాను. సర్దుకోలేదు కాబోలు."

"పది రోజుల్నుంచి ఆ చప్పుడు వింటున్నావు కదమ్మా!"

"బియ్యం కారుతున్నాయేమోనని అనుమానం వచ్చింది. ఎలక సంగతి నాకేం తెలుసు? పరీక్ష ముందు పిల్లని కంగారుపెట్టడం ఎందుకు, పరీక్షయ్యాక నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను." ఆవిడ బస్తా మూలనున్న చిల్లు మీద వేలు పెట్టారు. "పాతబియ్యమే. అంతవరకు మంచిదే."

నర్సమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం వచ్చింది, నిజం. కానీ అత్తగారి మొహం చూస్తే ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. మెకానిక్ వైపు తిరిగి, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది.

"వెనక వైరింగ్ మొత్తం మార్చాలి. కొత్తది తెప్పించాలి. గురువారం వస్తుంది."

"తెగిన చోట కలిపితే చాలదా?"

"మా కంపెనీ రూలు ఒప్పుకోదు. ముక్కలు కలిపి బండి బయటికి పంపితే, ఆ కాగితం మీద సంతకం నాది. రేపు ఎక్కడైనా పొగొస్తే ఉద్యోగం నాది పోతుంది."

"ఏమంటున్నాడు?" అన్నారు అత్తగారు. నర్సమ్మ తెలుగులో చెప్పింది. ఆవిడ చటుక్కున తలెత్తారు. అప్పటిదాకా తప్పు చేసిన పిల్లలా నిలబడ్డ మనిషి నడుము నిటారైంది.

"గురువారమేంటి, నా మొహం! నాలుగు తీగలు. గీకి, మెలేసి, సోల్డరింగ్ పెట్టి, స్లీవు తొడిగితే కారు పాడైపోతుంది గానీ అతుకు పాడవదు. పావుగంట పని. వాడు చెయ్యకపోతే నేను చేస్తాను, అడుగు."

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. మావయ్యగారికి మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటార్లు వచ్చేవి, లోపలి రాగి తీగంతా పీకేసి కొత్త తీగ చుట్టి పంపాలి. బోర్డు మీద మావయ్యగారి పేరు ఉండేది, గల్లాపెట్టె దగ్గర ఆయనే కూర్చునేవారు, జనం దండాలు ఆయనకే పెట్టేవారు. షాపు వెనక వసారాలో పీట మీద కూర్చుని ముప్పై ఏళ్ళు కాయిళ్ళు చుట్టింది మాత్రం ఈవిడ. ఆయన పోయాక షాపు మూసేశారు. ఆ తరవాత ఎవరూ ఆవిడని ఆ పని గురించి అడిగింది లేదు.

నర్సమ్మ అడిగింది. "మేమే కలుపుకుంటే మీకు అభ్యంతరమా?"

మెకానిక్ తల గోక్కున్నాడు. "షెడ్డులో బయటివాళ్ళు పనిముట్టు పట్టుకోకూడదు. అదీ రూలే." తరవాత గేటు వంక చూశాడు. "గేటు బయట అయితే మీ కారు, మీ ఇష్టం."

అంటూనే హ్యాండ్‌బ్రేకు దింపి, తనే కారుని గేటు దాటించి నాలుగడుగుల అవతలకి తోశాడు. లోపలికి వెళ్ళి కరెంటు తీసుకునే పొడుగు వైరు ఒకటి గేటు కింది నుంచి బయటికి పాకించాడు. చిన్న పనిముట్ల పెట్టె తెచ్చి నేల మీద పెట్టాడు.

"ఇది నేను ఇక్కడ మర్చిపోయాను" అని చెప్పి వ్యాను కిందకి వెళ్ళిపోయాడు.

నర్సమ్మకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. గడియారంలో తొమ్మిదిన్నర. షెడ్డు నుంచి పరీక్ష చోటికి ఇరవై ఐదు నిమిషాలు. టైముంది!

అత్తగారు పెట్టెలోంచి సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ తీసి చేత్తో పట్టుకుని చూసి, మళ్ళీ కింద పెట్టేశారు. కుడి బొటనవేలు చాపి చూపించారు. ముప్పై ఏళ్ళు రాగి తీగ బిగలాగీ లాగీ అది ఒక పక్కకి ఒరిగిపోయి, వంగనని మొండికేసింది.

"ఇది పట్టదే. చలికి ఇంకా బిర్రబిగుసుకుపోయింది. డిక్కీలోకి నువ్వెక్కు."

"నేనా? అత్తయ్యా, నాకు బల్బు మార్చడం కూడా..."

"మనుషుల చర్మం కుడతావు కదా. ఇదీ అంతే. దీనికి నొప్పి కూడా ఉండదు. కన్ను నాది, చెయ్యి నీది. ఎక్కు."

నర్సమ్మ బూట్లు విప్పి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా డిక్కీలో ముడుచుకుని కూర్చుంది. అత్తగారు బయట వంగి, ఫోను లైటు పట్టుకున్నారు. సర్వజ్ఞుడికి బ్రేకు డ్యూటీ పడింది.

తెగిన వైర్లు నాలుగు. అందులో రెండు వెలిసిపోయి ఒకే గోధుమరంగులో ఉన్నాయి. నర్సమ్మ దగ్గరగా ఉన్నవాటిని పట్టుకుని కలపబోయింది.

"ఆగు!" అని అరిచారు అత్తగారు. "చూపుకి ఒకేలా ఉన్నాయని కలిపేస్తావా? ముందు లైను, అదే కరెంటు, ఎందులో వస్తోందో చూడు. ఆ ముల్లూ చిన్న బల్బూ ఉన్న టెస్ట్ ల్యాంపు తీసుకో. క్లిప్పు బాడీ ఇనుముకి పెట్టు. ముల్లు ఈ కొసకి ఆనించు. ఒరేయ్, నొక్కు!"

"నొక్కాను!"

ల్యాంపు వెలగలేదు. "రెండోదానికి ఆనించు." ముల్లు ఆనించగానే చేతిలో చిన్న బల్బు టక్కున వెలిగింది. నర్సమ్మ కెవ్వుమంది.

"అత్తయ్యా, వచ్చింది! లైను వచ్చింది!"

"అరవకు, చెయ్యి కదులుతుంది. ఇప్పుడు లైనొచ్చిన ఈ తీగని అవతలి కొసలకి ఒక్కోదానికీ తాకించు. దేనికి తాకిస్తే లైటు డబ్బాలో వెలుగొస్తుందో, అది దీని జత."

జతలు దొరికాయి. వేళ్ళకి పని దొరకడంతో నర్సమ్మ కంగారు ఎటు పోయిందో పోయింది. పై తొడుగు గీకింది. రాగి పోగులు మెలేసింది. అత్తగారు చెప్పినట్టు, ఐరన్ కింద పెట్టి సీసం పైనుంచి తాకిస్తే అది కరిగి పోగుల మధ్యలోకి ఇంకిపోయింది. చివర పొగ తెర లేచింది. మొదటి అతుకు చూసుకుని మురిసిపోతుంటే అత్తగారు తాపీగా అడిగారు.

"స్లీవు ముందే తొడిగావా?"

స్లీవు అంటే అతుకు మీదకి జరిపే సన్నటి గొట్టం. వైరు కలపకముందే ఒక కొసలోకి ఎక్కించి పెట్టుకోవాలి. కలిపాక ఇంకెక్కడి నుంచి ఎక్కుతుంది? నర్సమ్మ పెట్టెలో పడున్న గొట్టాలకేసి చూసి నాలిక కరుచుకుంది.

"మొదటిరోజు నేనూ ఇదే చేశాను" అన్నారు అత్తగారు. ఆవిడ మొహంలో పొద్దుట్నుంచి కనపడని నవ్వు కనిపించింది. "మీ మావయ్యగారు కడుపు పట్టుకుని నవ్వారు. విప్పు, మళ్ళీ చెయ్యి."

విప్పింది, మళ్ళీ చేసింది. రెండోది మొదటిదానికన్నా త్వరగా అయింది. మూడోదానికి అత్తగారు ఏమీ చెప్పలేదు, చూస్తూ ఊరుకున్నారు. నాలుగోది బిగించేసరికి పదకొండు. అప్పుడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, ఏదో దారిన పోతూ ఆగినట్టు వచ్చాడు. ఒక్కో వైరూ వేలితో లాగి చూశాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఈవిడెవరు? ఏం పని చేస్తారు?"

"మా అమ్మ. ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు సర్వజ్ఞుడు.

"కాదు" అంది నర్సమ్మ డిక్కీలోంచి. "మెకానిక్కు. మోటార్లు బాగుచేస్తారు. ముప్పై ఏళ్ళు."

మెకానిక్ గుడ్డతో అరచెయ్యి మళ్ళీ శుభ్రంగా తుడుచుకుని, అత్తగారి ముందుకి చాపాడు. "నాకు ఇరవై రెండేళ్ళే" అన్నాడు.

అత్తగారికి ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియలేదు. కోడలి వంక చూశారు. "ఏం చెప్పావే వాడికి?"

"ఉన్నమాటే చెప్పాను. చెయ్యి ఇవ్వండి, అత్తయ్యా. తోటి మెకానిక్ అని ఇస్తున్నాడు."

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని ఇచ్చారు. వంగని బొటనవేలు ఆయన పెద్ద చేతిలో నిటారుగా నిలబడింది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే రెండుసార్లు ఊపుకున్నారు.

"పరీక్ష పాసైతే ఇటే కదా ఇంటికి వెళ్తారు?" అన్నాడు మెకానిక్ నర్సమ్మతో. "నాకు ఫోను ఎత్తే తీరిక ఉండదు. గేటు ముందు మూడుసార్లు బ్రేకు నొక్కండి, అర్థం చేసుకుంటాను."

సర్వజ్ఞుడు టైమైపోతోందని తల్లిని వెనక సీట్లోకి ఎక్కించేశాడు. తను బియ్యం ఎత్తి సంచిలో పోస్తున్నాడు. నర్సమ్మ డ్రైవరు సీట్లో కూర్చుని, ఎవర్నీ పిలవకుండా, బ్రేకు నొక్కింది. పై అద్దంలో చూసింది. వెనక గేటు అవతల షెడ్డు ఆఫీసు అద్దాల తలుపు ఉంది. ఆ తలుపులో తన కారు వీపు, దాని మీద ఎడమ ఒకటి, కుడి ఒకటి, పైన ఒకటి. మూడు ఎర్ర లైట్లు! వదిలింది, ఆరాయి. నొక్కింది, వెలిగాయి.

"ఎక్కండి ఎక్కండి ఎక్కండి!" అని మొగుడి మీద అరిచింది.

పదకొండు ముప్పై అయిదుకి చేరారు. ఈసారి పరీక్ష అధికారి ఒక సన్నటి ఆవిడ, చేతిలో కాగితాలు బిగించిన అట్ట, మొహంలో నవ్వన్నది లేదు. కారు చుట్టూ తిరిగింది. వెనక నిలబడి, "బ్రేకు" అంది. నర్సమ్మ నొక్కింది. ఆవిడ అట్ట మీద ఒక టిక్కు పెట్టి ముందుకొచ్చింది. అయిపోయిందనుకుంటే, కారు ప్రశ్న మిగిలే ఉంది.

"మీరొక్కరే ఉన్నారు, సాయానికి ఎవరూ లేరు. బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎలా తెలుసుకుంటారు?"

నర్సమ్మ పై అద్దం వంక చూసింది. అప్పుడు ఆమె నోరు తెరుచుకుంది, ఇక ఆగలేదు. "అద్దాల తలుపో, గోడో ఉన్న చోట కారు వెనక్కి పెట్టి నొక్కి, పై అద్దంలో చూస్తాను. మూడూ కనబడాలి. ఒకటి వెలక్కపోతే బల్బు చూస్తాను. బల్బు బాగుంటే, ఇంకోటి వెలుగుతోంది కాబట్టి ఫ్యూజు కాదు, తీగ తెగిందని. అప్పుడు టెస్ట్ ల్యాంపు క్లిప్పు బాడీకి పెట్టి, లైను ఎంతవరకు వస్తోందో చూసి, స్లీవు ముందు తొడిగి, ఆ తరవాతే..."

"గోడ చాలు" అంది అధికారి. "బయల్దేరండి."

ఆ ముప్పావు గంట నర్సమ్మ ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. కూడలి వచ్చింది. ఎడమ చూసింది, కుడి చూసింది, తన వంతు రాగానే దర్జాగా దూసుకుపోయింది. బూటు తాడు మనిషి ఎవరైనా ఉన్నా ఆమె చూడలేదు. ప్రతి బ్రేకుకీ, నా కుట్టే, నా కుట్టే అని లోపల అనుకుంటూనే ఉంది. ముందు ఖాళీగా ఉన్న వీధిలో అధికారి ఉన్నట్టుండి అట్టతో డాష్‌బోర్డు మీద ఫట్‌మని కొట్టి "ఆపండి!" అంది. నర్సమ్మ కాలు దిగబడింది. కారు కీచుమని ఆగింది. వెనక వస్తున్న పెద్ద లారీ కూడా, దాని ముందు మూడు ఎర్ర లైట్లు భగ్గుమన్నాయి కాబట్టి, నిమ్మళంగా ఆగింది. అధికారి పక్క అద్దంలో ఆ లారీని చూసి ఏదో రాసుకుంది.

తిరిగొచ్చి కారాపాక ఆవిడ అట్ట మీద చాలాసేపు గీతలు గీసింది. నర్సమ్మ అరచేతులు స్టీరింగుకి అతుక్కుపోయాయి.

"కూడలిలో కొంచెం దూకుడు" అంది ఆవిడ.

నర్సమ్మ జన్మలో ఆ మాట పడుతుందని ఎవరూ అనుకోలేదు.

"మిగతాదంతా బాగుంది. పాస్" అని కాగితం చేతిలో పెట్టింది.

వెయిటింగ్ గదిలో కూర్చున్న అత్తగారు, అద్దంలోంచి కోడలు పరిగెత్తుకుంటూ రావడం చూసి సగం లేచారు. నర్సమ్మ ఆవిడని అమాంతం వాటేసుకుంది. ఆ గది అంతా చూస్తున్నా ఇద్దరికీ పట్టలేదు. "నేను ఉత్తీర్ణత శాతం ముందే చూశాను" అని సర్వజ్ఞుడు ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినిపించుకోలేదు.

"అత్తయ్యా, మీరు ముందు సీట్లో కూర్చోండి."

"వాడు?"

"లైసెన్సున్న మనిషిని నేను. పక్కన ఎవరు కూర్చోవాలో నేను చెబుతాను. ఆయన వెనక బియ్యం సంచితో కూర్చుంటారు."

షెడ్డు గేటు కనబడగానే నర్సమ్మ వేగం తగ్గించి పక్కకి తీసి ఆపింది. ఒకసారి నొక్కింది. రెండోసారి నొక్కింది. మూడోసారి నొక్కేసరికి మెకానిక్ వ్యాను కింది నుంచి బయటికొచ్చి, గేటు దాటి, కారు వెనక నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు.

అత్తగారు సీటు బెల్టు ఊడదీసుకుంటున్నారు.

"ఎక్కడికి అత్తయ్యా?"

"పొద్దున్న మీ ఆయన నన్ను లోపల కుదేశాడు. మూడూ వెలగడం వాడు చూశాడు, నువ్వు చూశావు, ఆ పరీక్షావిడ చూసింది. నేను చూళ్ళేదు."

ఆవిడ దిగి, కారు పట్టుకుని నడుచుకుంటూ వెనక్కి వెళ్ళారు. మెకానిక్ పక్కకి జరిగి చోటిచ్చాడు. నర్సమ్మ పై అద్దంలోకి చూసింది. షెడ్డు పనిబట్టల్లో ఆరడుగుల మనిషీ, అతని భుజం కిందకి వచ్చే కోటూ చీరా ఆవిడా, ఇద్దరూ చేతులు వెనక్కి కట్టుకుని, ఒకేలా మెడ వంచి లైట్లకేసి చూస్తున్నారు.

నొక్కింది.

అత్తగారు ఇంకాస్త వంగారు. చాలాసేపు చూశారు. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆవిడ తిరిగి కూడా చూడకుండా, వంగని బొటనవేలు ఉన్న చెయ్యి పైకెత్తి, షాపులో స్విచ్చు వెయ్యమన్నట్టు సైగ చేశారు.

"ఇంకోసారి నొక్కవే!"

నర్సమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ నొక్కింది.